ప్రసాదం, తాళి, సర్టిఫికెట్: కొండ కింది ఊళ్లలో క్రైస్తవ ఇల్లు

తిరుపతిలో పక్కింటివాళ్లు కొండకు వెళ్లొచ్చారంటే వీధిలో ప్రతి ఇంటికీ లడ్డూ ముక్క చేరాల్సిందే. చిన్న గిన్నెలోనో, పేపరు ముక్కలోనో పెట్టుకుని గుమ్మం దాకా తెస్తారు. ఊరికే చేతిలో పెట్టి పోరు, "స్వామివారి ప్రసాదం అక్కా" అని చెప్పి మరీ ఇస్తారు. గుమ్మంలో నిలబడింది క్రైస్తవ ఇల్లాలైతే, ఏం చేయాలో తేల్చుకోవడానికి ఆమెకు రెండు మూడు క్షణాలే ఉంటాయి. పాస్టరుగారిని అడిగే వీలుండదు, బైబిలు తెరిచే వీలుండదు. ఎదురుగా ఉన్నదేమో పిల్లాడికి జ్వరమొస్తే అర్ధరాత్రి ఆటో పిలుచుకొచ్చిన మనిషి.

ఈ చిక్కు చాలా పాతది. గ్రీకుల ఊరు కొరింథులో గుళ్లలో అర్పించిన మాంసం బజారులో అమ్మేవారు, విందుల్లో వడ్డించేవారు. అది తినొచ్చా కూడదా అని అక్కడి తొలి క్రైస్తవులు వాదులాడుకుంటే పౌలు వాళ్లకు రాసిన మొదటి పత్రికలో, 8, 10 అధ్యాయాల్లో జవాబు చెప్పాడు. విగ్రహం ఒట్టిది, తిండి వల్ల మనిషి దేవుడికి దగ్గరా కాడు, దూరమూ కాడు అన్నాడు. ఎవరైనా భోజనానికి పిలిస్తే ఆరా తీయకుండా పెట్టింది తినమన్నాడు. "ఇది అర్పించింది" అని ఎవరైనా చెబితే మాత్రం, ఆ చెప్పినవాడి మనస్సాక్షి కోసం తినొద్దన్నాడు. నువ్వు తినడం చూసి ఇంకో విశ్వాసి తడబడతాడనుకుంటే ఆ తిండే మానెయ్యమన్నాడు.

కొరింథులో కుదిరిన సర్దుబాటు తిరుపతిలో కుదరదు. ఆరా తీయకుండా తినే దారి ఇక్కడ మొదట్లోనే మూసుకుపోతుంది, ప్రసాదమని చెప్పకుండా ఎవరూ లడ్డూ ఇవ్వరు కాబట్టి. అందుకే ఇంటికో పద్ధతి. రెండు చేతులా తీసుకుని, తర్వాత ఎదురింటి పిల్లలకు ఇచ్చేసేవాళ్లున్నారు. తిండే కదా అని ప్రార్థన చేసుకుని తినేవాళ్లున్నారు. "మేం తినమక్కా, ఏమనుకోవద్దు" అని మొదటిసారే చెప్పేసేవాళ్లూ ఉన్నారు. వీళ్లే మొండివాళ్లని పైకి అనిపిస్తుంది. నిజానికి పేచీ తక్కువ వీళ్లతోనే. పక్కింటావిడ ఒకరోజు ముభావంగా ఉంటుంది, మళ్లీసారి కొండ దిగేటప్పుడు దారిలో నాలుగు జామకాయలు కొని ఆ ఇంటికి విడిగా తెస్తుంది.

తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో క్రైస్తవ విశ్వాసం ఎలా నడుస్తోందో తెలియాలంటే ఆదివారం ప్రసంగాల కన్నా ఈ గుమ్మాల దగ్గర చూడటం మేలు. ఏది విశ్వాసం, ఏది ఒట్టి ఆచారం అన్న గీతను రోము నుంచి, జర్మనీ నుంచి, అమెరికా నుంచి వచ్చినవాళ్లు ఒక్కొక్కరు ఒక్కోచోట గీశారు. మూడు వందల ఏళ్లలో అది ఎన్నోసార్లు చెరిగింది. చెరిగిన ప్రతిసారీ మళ్లీ గీసుకున్నది ఇల్లే, ఇంట్లోనూ ఎక్కువగా ఆడవాళ్లే.

తాళి సంగతే చూడండి. ఇక్కడి బంగారు అంగళ్లలో అడిగితే శిలువ గుర్తు వేసిన తాళిబొట్లు చేసిస్తారు. రెండు బిళ్లల మీదా చిన్న శిలువ ఉంటుంది, లేదంటే ఒకదాని మీద శిలువ, ఇంకోదాని మీద పావురం. పసుపుతాడుకు గుచ్చినా, గొలుసుకు వేసినా దూరానికి మామూలు మంగళసూత్రమే. దగ్గరికొచ్చి చూస్తే గానీ తేడా తెలియదు. ఈ అర అంగుళం బిళ్ల వెనక రోము దాకా నడిచిన వ్యాజ్యం ఉంది.

18వ శతాబ్దం తొలి ఏళ్లలో జెస్యూట్లనే కాథలిక్ గురువుల సంఘానికి చెందిన ఫ్రెంచి పాదిరీలు పుదుచ్చేరి వైపు నుంచి తెలుగు సీమలోకి వచ్చారు. వాళ్ల తొలి మకాముల్లో పుంగనూరు ఒకటి. కాషాయం కట్టారు, మాంసం మానేశారు, సన్యాసుల్లా బతికారు. వాళ్ల దగ్గర జ్ఞానస్నానం తీసుకున్నవాళ్లు తమ పెళ్లి ఆచారాలు, కుల కట్టుబాట్లు చాలావరకు అలాగే ఉంచుకున్నారు. ఇది కూడదని పోప్ ప్రతినిధి టూర్నోన్ 1704లో పుదుచ్చేరిలో శాసనం చేశాడు. పిళ్లారి, అంటే వినాయకుడి బొమ్మ ఉన్న తాళి కట్టకూడదు. తాళి కావాలనుకుంటే శిలువో, క్రీస్తు రూపమో, మరియమ్మ రూపమో ఉన్నది కట్టుకోవచ్చు. 108 పోగుల పసుపుతాడు వాడకూడదు. పెళ్లిలో కొబ్బరికాయ కొట్టకూడదు. పాదిరీలు ఒప్పుకోలేదు. రోముకు ఉత్తరాలు, ఎదురు ఉత్తరాలు నడిచాయి. నలభై ఏళ్లయ్యాక, 1744లో పోప్ పద్నాలుగో బెనెడిక్ట్ ఆ వివాదాన్ని పాదిరీలకు వ్యతిరేకంగా ముగించాడు. మలబారు ఆచారాల వివాదమని చర్చి చరిత్రలో దీనికి పేరు.

తమాషా తర్వాత జరిగింది. 1704లో రాజీగా మిగిలిన శిలువ తాళి, కాలం గడిచేకొద్దీ అచ్చమైన క్రైస్తవ సంప్రదాయమై కూర్చుంది. పాత సంఘాల్లో చాలాచోట్ల పెళ్లికొడుకు ఉంగరమూ తొడుగుతాడు, తాళీ కడతాడు. అయ్యగారు తాళిని చేతిలో పట్టుకుని ప్రార్థన చేసి మరీ అందిస్తారు. ఇప్పుడు, గత కొన్ని దశాబ్దాల్లో కాలనీల్లో పుట్టిన కొత్త సంఘాల పాస్టర్లు కొందరు అదే తాళిని అన్యుల ఆచారం అంటున్నారు. అవ్వ మెడలో శిలువ తాళి, అమ్మ మెడలో ఒట్టి గొలుసు, మనవరాలికి వేలి ఉంగరం ఒక్కటే. ఒకే ఇంట్లో మూడూ కనిపిస్తాయి. అవ్వకేమో మనవరాలు మరీ తెల్లదొరసాని అయిపోయిందని బాధ, మనవరాలికేమో అవ్వ ఇంకా పాతవి వదల్లేదని బాధ.

మతం మారిందన్న గుర్తును మోయాల్సింది ఆడవాళ్ల ఒళ్లే. మగవాడు బాప్తిస్మం తీసుకుంటే ఒంటి మీద నుంచి తీసేయాల్సింది పెద్దగా ఏదీ ఉండదు. ఆడమనిషికి బొట్టు, పూలు, గాజులు, మెట్టెలు, తాళి, ఒక్కోదానికీ ఒక్కో నిర్ణయం. బొట్టు తీసేసి చిత్తూరు బస్సెక్కితే పక్క సీటులో పెద్దావిడ "ఏమైందమ్మా మీ ఆయనకు?" అని జాలిగా అడుగుతుంది. బొట్టు లేని ముఖం ఇక్కడివాళ్లకు మొదట వైధవ్యం, ఆ తర్వాతే మతం. అందుకే ఆఫీసుకు పోయేటప్పుడు చిన్న స్టిక్కరు పెట్టుకుని, ఆదివారం చర్చి గేటు దగ్గర తీసి హ్యాండ్‌బ్యాగులో ఉన్న అద్దానికి అంటించుకునేవాళ్లు ఉన్నారు. దీన్ని వేషమని ప్రసంగాల్లో తిట్టే బోధకులూ ఉన్నారు. వాళ్లు దాదాపు అందరూ మగవాళ్లే.

జెస్యూట్ల తర్వాత వచ్చిన ప్రొటెస్టెంట్ మిషన్లు ఇలాంటి సర్దుబాట్ల జోలికి అంతగా పోలేదు. జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ నుంచి వచ్చిన లూథరన్లు 1865 నుంచి నాయుడుపేట, గూడూరు, శ్రీకాళహస్తి, తిరుపతి వైపు పనిచేశారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి ఆ పని అమెరికన్ లూథరన్ల చేతికి పోయింది. 1945లో అది దక్షిణాంధ్ర లూథరన్ సంఘంగా ఏర్పడింది, దాని కేంద్రం తిరుపతి. చిత్తూరు, మదనపల్లె వైపు పనిచేసింది అమెరికన్ ఆర్కాటు మిషన్, 1853లో స్కడర్ సోదరులు మొదలుపెట్టినది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్‌ఐ) ఏర్పడినప్పుడు ఆర్కాటు సంఘాలు అందులో కలిశాయి, లూథరన్లు విడిగానే ఉండిపోయారు.

ఆ తరాలకు విశ్వాసమంటే మిషన్ కాంపౌండు. చర్చి, బడి, హాస్టలు, ఆసుపత్రి అన్నీ ఆ గోడ లోపలే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో తెరిచిన క్షయ ఆసుపత్రి ఆ కాలపు క్రైస్తవానికి మంచి నమూనా. అప్పటికి క్షయకు మందు లేదు, స్ట్రెప్టోమైసిన్ రావడానికి ఇంకా దాదాపు ముప్పై ఏళ్లుంది. మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి మంచం మీద విశ్రాంతి, అదే వైద్యం. రోగిని ఇంటివాళ్లే దూరం పెట్టే జబ్బుకు అన్నం పెట్టి, దుప్పటి మార్చి, పక్కన కూర్చోవడమే అక్కడ సువార్త. చిత్తూరువాళ్లు ఒట్టి "వేలూరు" అని పిలిచే సీఎంసీ ఆసుపత్రి మొదలైంది కూడా ఆ స్కడర్ల ఇంటి పిల్ల ఐడా చేతుల మీదుగానే, 1900లో. తిరుపతిలో రుయా, స్విమ్స్ లాంటి పెద్దాసుపత్రులు ఉన్నా, పెద్ద జబ్బు అనగానే ఏ మతంవాళ్ల నోటైనా ఇప్పటికీ వేలూరు మాట రాక మానదు.

గత కొన్ని దశాబ్దాల్లో క్రైస్తవం ఆ కాంపౌండు గోడ దాటి కాలనీల్లోకి వచ్చేసింది. మేడ మీద గది, రేకుల షెడ్డు, ఆదివారం పూట అద్దెకు తీసుకున్న ఫంక్షన్ హాలు, ఎక్కడైనా సంఘమే. పాత చర్చిలో కీర్తనల పుస్తకం తెరిస్తే ప్రతి పాట నెత్తినా రాగం, తాళం అచ్చయి ఉంటాయి. కొత్త సంఘంలో పుస్తకం ఉండదు, స్క్రీను మీద చరణాలు, పక్కన కీబోర్డు, ప్యాడ్లు. పాస్టరుగారి ప్రసంగం మధ్యాహ్నానికి యూట్యూబులో ఉంటుంది. అయితే కొత్తదంతా పడమటిది, పాతదంతా దేశీయం అనుకుంటే పొరపాటు. 1969లో భారతదేశపు కాథలిక్కులు రోము అనుమతితో హారతి, అంజలి, నేల మీద కూర్చోవడం లాంటి 12 అంశాలను పూజలోకి తెచ్చుకున్నారు. ఆ మార్పు పండితులు చర్చించి, బిషప్పులు ఆమోదించి, పైనుంచి కిందికి దిగింది. రేకుల షెడ్డు సంఘంలో జనం ఎప్పుడూ చాప మీదే కూర్చున్నారు, చెప్పులు బయటే విడిచారు, తలమీద కొంగు కప్పుకున్నారు. దానికి ఎవరి ఆమోదమూ అడగలేదు.

ఈ కొత్త సంఘాల్లో శుక్రవారం ఉపవాస కూడిక ముఖ్యమైనది. దానికి వచ్చే ఆడవాళ్లలో బొట్టు ఉన్నవాళ్లు చాలామంది. భర్త తాగుడు, కొడుక్కి ఉద్యోగం, కూతురికి పిల్లలు లేకపోవడం, తగ్గని తలనొప్పి, ఏదో ఒక బరువుతో వస్తారు. ఎవరూ వాళ్లను బొట్టు తీయమనరు, కనీసం మొదటి ఏడాది. వీళ్లలో కొందరు బాప్తిస్మం దాకా వెళ్తారు, చాలామంది వెళ్లరు. శుక్రవారం యేసు దగ్గర ఉపవాసం, శనివారం వెంకన్నకు ఒంటిపొద్దు. పాస్టర్లు దీన్ని రెండు పడవల మీద కాళ్లంటారు. ఆ ఆడమనిషికి మాత్రం అక్కడ రెండు పడవలు కనబడవు, మునిగిపోతున్న ఇల్లొకటే కనబడుతుంది. విశ్వాసం ఎప్పుడు మొదలైందని లెక్క రాయాలంటే బాప్తిస్మం రిజిస్టరు ఇలాంటి చోట ఎందుకూ పనికిరాదు.

డిసెంబరు వస్తే ఇరుగుపొరుగు లెక్కలు ఇంకోరకం. క్రిస్మస్ సరిగ్గా ధనుర్మాసంలో పడుతుంది. తెల్లవారుజామున గుళ్ల మైకుల్లో తిరుప్పావై, రాత్రి పదకొండింటికి వీధిలో క్యారల్స్. ఒక గుమ్మం ముందు గొబ్బెమ్మలు, పక్క గుమ్మం పైన కాగితపు నక్షత్రం. ధనుర్మాసంలో మాంసం ముట్టని ఇళ్లు తిరుపతిలో ఎక్కువ. అందుకని క్రిస్మస్ బిరియానీ వండే క్రైస్తవ ఇల్లాలు ముందురోజే వీధి లెక్క వేసుకుంటుంది: ఎవరికి బిరియానీ, ఎవరికి పులిహోర, ఎవరికి గుడ్డు లేని కేకు, ఎవరికి ఒట్టి గులాబీ పూలు. ఈ గులాబీ పూలు పిండిని అచ్చుతో నూనెలో వేయించేవి లెండి. పౌలు చెప్పిన "ఎదుటివాడి మనస్సాక్షి" అన్న మాటకు ఇంత కచ్చితమైన వ్యాఖ్యానం ఏ వేదాంత కళాశాలలోనూ దొరకదు. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వచ్చినప్పుడు పరిస్థితి కాస్త గట్టిది. ఊరంతా వేషాలు కడుతుంది, గడపగడపకూ చందా అడుగుతారు. అంగడి నడిపే క్రైస్తవుడు చందా ఇస్తే సంఘంలో మాట, ఇవ్వకపోతే వీధిలో మాట. అన్నదానం పద్దు కింద రాసుకోమని డబ్బిచ్చేవాళ్లు తెలివైనవాళ్లు.

ఇంటి లోపల ఇన్ని సర్దుబాట్లకు వీలున్నా, కాగితం దగ్గర సర్దుబాటుకు తావు లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సి, అంటే వెనకబడిన తరగతుల్లో సి గ్రూపు కింద ఉన్న రిజర్వేషన్ 1 శాతం. మిషన్ల కాలంలో ఇక్కడ క్రైస్తవం తీసుకున్నవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ పేటలవాళ్లే కాబట్టి ఈ ఒక్క నిబంధన వేల ఇళ్లలో రెండు పేర్లకు దారితీసింది. సర్టిఫికెట్లో నాగరాజు, సంఘంలో యోహాను. జనాభా లెక్కల్లోనూ ఇది కనిపిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1971లో 4 శాతానికి పైగా ఉంటే, 2011 నాటికి 1.34 శాతం. ఆ నలభై ఏళ్లలో వీధివీధికీ ప్రార్థనా మందిరాలు పెరగడం చూసినవాళ్లెవరూ ఈ అంకెను ఉన్నదున్నట్టు తీసుకోరు.

ఈ మధ్య కోర్టులు ఈ రెండు పేర్ల బతుకును సూటిగా ప్రశ్నిస్తున్నాయి. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ కేసులో, చర్చికి వెళ్తూ రిజర్వేషన్ కోసం మాత్రం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమే అంది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని తీర్పిచ్చింది. అంతకుముందు 2023 మార్చిలో రాష్ట్ర అసెంబ్లీ దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చమని కేంద్రాన్ని కోరుతూ తీర్మానం చేసింది. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన పేట మారలేదు, పిలుపు మారలేదు, శ్మశానం దారి మారలేదు అన్నది దళిత క్రైస్తవుల వాదన. క్రైస్తవంలో కులం లేదని వేదిక మీద చెబుతూనే కుల హోదా అడగడం ఎలా అన్నది ఎదుటివాళ్ల ప్రశ్న. ప్రశ్నలో న్యాయం లేకపోలేదు గానీ, దానికి జవాబు చెప్పాల్సింది పేటలో ఉన్న కూలిమనిషి కాదు. పెళ్లి సంబంధం దగ్గరికి వచ్చేసరికి కులం చూసే సంఘపెద్దలు చెప్పాలి.

తిరుపతికి ప్రత్యేకమైన సంగతి టీటీడీ. ఊళ్లో అందరికన్నా పెద్ద ఉద్యోగదాత అదే. హిందూ ధార్మిక సంస్థ కాబట్టి ఉద్యోగాలు హిందువులకే అన్న నిబంధన 1989 నుంచి ఉంది. ఏడుకొండల మీద అన్యమత ప్రచారాన్ని ప్రభుత్వం 2007లో నిషేధించింది. 2024 నవంబరులో బోర్డు హిందువులు కాని ఉద్యోగులను బదిలీ చేయాలనో, స్వచ్ఛంద విరమణకు పంపాలనో తీర్మానించింది. 2025 ఫిబ్రవరిలో 18 మంది మీద చర్యలు తీసుకుంది. భక్తుల కానుకలతో నడిచే చోట ఆ దేవుణ్ణి నమ్మేవాళ్లే పనిచేయాలనడాన్ని తప్పుపట్టడం కష్టం. క్రైస్తవుల వైపు నుంచి చూసినా అసలు ఇబ్బంది ఇంకోచోట ఉంది. ఒక నమ్మకం రాసి సంతకం పెట్టి, ఇంకో నమ్మకంతో ఇంట్లో మోకరించడం ఎవరికైనా రోజూ గొంతులో ముల్లే. ఉద్యోగం పోతుందన్న టెన్షన్ ఒకటి, అబద్ధమాడకూడదని ఆదివారం బడిలో పిల్లలకు నేర్పాల్సి రావడం ఇంకొకటి.

చావు దగ్గర ఇవన్నీ ఒక్కసారే మీద పడతాయి. ఇంట్లో పెద్దాయన పోతే వచ్చే బంధువుల్లో సగంమంది హిందువులు. పెద్దకర్మ ఎప్పుడని అడుగుతారు. కర్మలు లేవని సంఘం అంటుంది. మధ్యేమార్గంగా పదకొండో రోజునే ఆదరణ కూడిక పెట్టుకుంటారు. గంటసేపు పాటలు, వాక్యం, ఆ తర్వాత పోయినాయనకు ఇష్టమైన వంటతో అందరికీ భోజనం. ఫొటోకు దండ వెయ్యాలా వద్దా అన్నది చివరి నిమిషం దాకా తేలదు. చాలా ఇళ్లలో దండ వెయ్యరు, ఫొటో పక్కన ఒక పూలగుచ్ఛం పెడతారు. మేనత్తలు వచ్చి అందులోంచి రెండు పూలు తీసి ఫొటో ముందు పెట్టి దణ్ణం పెట్టుకుంటారు. ఎవరూ చూడనట్టే ఉంటారు.

నవంబరు 2న సమాధుల పండుగ. కాథలిక్కులు, లూథరన్లు ముందురోజే సమాధులకు సున్నం కొట్టి, సాయంత్రం పూలు పరిచి కొవ్వొత్తులు వెలిగిస్తారు. కొత్త సంఘాలవాళ్లు ఇది చచ్చినవాళ్లను కొలవడమేనని రారు. అన్న పాత చర్చి, తమ్ముడు కొత్త సంఘం అయిన కుటుంబాల్లో మాత్రం తమ్ముడూ వస్తాడు. సున్నం బకెట్టు తనే మోసుకొస్తాడు, గడ్డి పీకుతాడు, నాన్న పేరు మీద నల్లరంగు మళ్లీ దిద్దుతాడు. అన్న అగ్గిపెట్టె తీసే సమయానికి నాలుగు సమాధుల అవతల కొళాయి దగ్గరికెళ్లి బ్రష్షు కడుక్కుంటూ నిలబడతాడు.